లావు వేరు, బలం వేరు

తెలుగు పండితుణ్ణి కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. "లావు" అన్న మాటకు ప్రాచీన కావ్యాలలో బలమని అర్థం. గజేంద్రమోక్షం పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో నవ్వులు పుట్టేవి; ఏనుగుకు లావు లేకపోవడమేమిటని పిల్లల సందేహం. కాలక్రమాన ఆ మాటలోని బలం జారిపోయి మందం మాత్రం మిగిలింది. భాషలో ఇటువంటివి సహజం, వాటిని నేను తప్పుపట్టను. కానీ అదే గందరగోళం అంగడిలో ప్రవేశించి, దాని మూల్యాన్ని పేదవాడు వాయిదాల రూపంలో చెల్లించవలసి వస్తే మాత్రం నోరు మెదపక తప్పదు.

నా వాదం ఒక్క వాక్యంలో చెబుతాను. పెండ్లి ఫోటోలు తీసే మన పిల్లలు ఈనాడు కెమెరా పరిమాణానికి పోస్తున్న డబ్బు ఫోటోకు చెందడం లేదు. అది చూసేవాళ్ళ కళ్ళకు కడుతున్న సుంకం. ఆ సుంకం రద్దు కావాలి.

"కెమెరాల సంగతి తెలుగు పంతులుకెందుకు?" అని మిత్రులు అడగవచ్చు. మాది కందుకూరు. కోస్తాలోని కందుకూరు కాదు. శ్రీశైలం రహదారి మీద, శంషాబాదు విమానాశ్రయం దాపున ఉన్న రంగారెడ్డి జిల్లా కందుకూరు. నా దగ్గర చదువుకున్న పిల్లలలో కొందరు ఫోటోగ్రఫీలో స్థిరపడ్డారు. వాళ్ళు కెమెరా కొన్నప్పుడల్లా దానితో వచ్చే ఇంగ్లీషు పుస్తకాన్ని కూర్చోబెట్టి తెలుగులో చెప్పే పని నాకు పడుతుంది. అలా చెప్పీ చెప్పీ, చెప్పడం కోసం చదివీ చదివీ, ఛందస్సు ఎంత తెలుసునో ఈ యంత్రమూ నాకు ఇంచుమించు అంత తెలిసింది.

వారిలో ఒకడు మూడు నాలుగేళ్ళుగా మధ్యస్థంగా ఉండే ఒక కెమెరాతో చక్కని ఆల్బములు చేస్తున్నాడు. ఒక పెద్దింటి పెండ్లికి బేరం కుదుర్చుకోబోతే ఆ ఇంటి పెద్దాయన ఆల్బం తెరవనేలేదట. కెమెరా వైపు చూసి, "గింత చిన్నదా? పెద్దది లేదా తమ్మీ?" అన్నాడట. నెల తిరగకుండా వీడు వాయిదాల మీద పెద్ద కెమెరా తెచ్చాడు. ఎందుకురా అంటే వాడు చెప్పిన జవాబు నన్ను ఈ టపా రాయించింది: "ఫోటో కోసం గాదు సార్, బేరం కోసం కొన్న."

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. పెద్ద కెమెరాయే మంచి కెమెరా అన్న నమ్మకం ఆయన సృష్టించినది కాదు. దానికి ఒక చరిత్ర ఉన్నది, ఒకప్పుడు కారణమూ ఉన్నది. ఆ కారణం చచ్చిపోయింది, నమ్మకం బ్రతికి ఉన్నది. అదీ నా అభ్యంతరం.

మన హైదరాబాదు నుంచే ఉదాహరణ తీసుకుందాం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) వాడినవి గాజుపలకల కెమెరాలు. వాటిని మోయడానికి మనుషులు, నిలబెట్టడానికి ముక్కాలి పీట కావలసి వచ్చేవి. అంత పెద్దవి ఎందుకయ్యా అంటే, ఆ కాలంలో పలకను కాగితానికి ఆనించి ఎండలో ముద్ర తీసేవారు. పలక ఎంతో పటమూ అంతే. పెద్ద పటం కావాలంటే పెద్ద పలక, పెద్ద పలకకు పెద్ద పెట్టె. అక్కడ లావే బలం. ఆ పరిమాణానికి ఒక న్యాయం ఉన్నది కనుక దానికి నమస్కారం.

ఫిల్మ్ చుట్ట వచ్చి, చిన్న ఫిల్మును పెద్ద పటంగా సాగదీసే పద్ధతి వచ్చాక ఆ న్యాయం చెల్లిపోయింది. పాత్రికేయులు కూడా అరచేతిలో ఇమిడే కెమెరాలకు మారారు. మరి అవి మళ్ళీ ఎందుకు లావెక్కాయి? రెండు కారణాలు: మోటారు, ఆటోఫోకస్.

భౌతికశాస్త్రం తెలుగు వాచకంలో మనం నాభి అని చదువుకున్నదే స్టూడియోలో ఫోకస్. దానిని యంత్రమే సరిచూసుకోవడం ఆటోఫోకస్. దానిని బాడీలోనే ఇమిడ్చి బజారులో నిలిపిన తొలి ఎస్సెల్లార్ 1985 నాటి మినోల్టా 7000. అప్పటి ఏర్పాటు వినండి. కటకం వెనుక ఒక అద్దం వాలుగా ఉంటుంది. అది కాంతిని పైకి, కంటికి పంపుతుంది. ఆ అద్దం నుంచి కొంత కాంతి కారిపోయేటట్టు చేసి, దాని వెనుక మరొక పిల్ల అద్దం పెట్టి, ఆ కాంతిని కిందికి, పెట్టె అడుగున ఉన్న ఫోకస్ గ్రాహకానికి దింపుతారు. అక్కడ కటకపు ఒక అంచు నుంచి వచ్చిన కాంతినీ, ఎదుటి అంచు నుంచి వచ్చిన కాంతినీ పోల్చి, రెండు బింబాల మధ్య ఎడం కొలిచి, కటకం ఎటు జరగాలో ఎంత జరగాలో ఒక్కమారుగా లెక్కకడతారు. తెలివైన పద్ధతే. కానీ దీనికి రెండు అద్దాలు, వాటిని ఎత్తి దించే యంత్రాంగం, అడుగున చోటు, ఇవన్నీ సెకనుకు ఎనిమిది పది మార్లు ఆడాలంటే బలమైన మోటారు, ఆ మోటారుకు బలమైన బ్యాటరీ కావాలి. 1996 నాటి నికాన్ ఎఫ్5 ఎనిమిది పెన్‌సిల్ బ్యాటరీలను కడుపులో పెట్టుకునేది. అవి లేకుండానే దాని బరువు 1210 గ్రాములు.

ఇక్కడ కూడా లావుకు కొంత న్యాయం ఉన్నదని ఒప్పుకుంటున్నాను. నేను ఒప్పుకోనిది దాని తరువాత జరిగిన కథను.

ఎఫ్5కు ఫోకస్ బిందువులు ఐదు. 2004లో వచ్చిన ఎఫ్6కు పదకొండు. అయితే ఎఫ్6 బరువు 975 గ్రాములే! కింది పిడిని విడదీసి, కావలసినవాడు విడిగా తగిలించుకునేటట్టు చేశారు. పిడి లేకుంటే సెకనుకు ఐదున్నర చిత్రాలు, తగిలిస్తే ఎనిమిది. అంటే లావు వేగానికి మాత్రమే సాయపడింది, చూపుకు కాదు. బాడీ చిన్నదైన కొద్దీ ఫోకస్ పెరిగింది కూడా! 2007లో డి3 వచ్చింది, ఫోకస్ బిందువులు 51, బరువు 1240 గ్రాములు. మరుసటి ఏడే అవే 51 బిందువులను, అదే తరగతి సెన్సరును 995 గ్రాముల డి700లో పెట్టారు. దీనినిబట్టి తేలేదేమిటి? మంచి ఆటోఫోకస్‌కు లావు బాడీ భౌతికశాస్త్రం పెట్టిన షరతు కాదు.

మరి అది ఎవరు పెట్టిన షరతు? కెనన్ వారి కథ చూడండి. 2007 నాటి వారి పెద్ద బాడీ 1డిఎస్ మార్క్ 3. 21 మెగాపిక్సెళ్ళు, 45 ఫోకస్ బిందువులు. 2008లో వచ్చిన 5డి మార్క్ 2 కూడా 21 మెగాపిక్సెళ్ళే, ధరలో పెద్దదానికి సగం కూడా లేదు. కానీ ఫోకస్ బిందువులు తొమ్మిది! 2005 నాటి మొదటి 5డిలో ఎన్ని ఉండెనో అన్నే. మన ఊళ్ళ పెండ్లి ఫోటోగ్రాఫర్లు ఎందరో ఆ 5డి మార్క్ 2తో ఏళ్ళ తరబడి బ్రతికారు; మధ్య బిందువును ముఖం మీద పెట్టి, ఫోకస్ పట్టించి, ఆ తరువాత కెమెరాను పక్కకు తిప్పి తీసేవారు. అలా తిప్పడంలోనే ఫోకస్ కొంత చెదిరేది. 2012లో 5డి మార్క్ 3కు, పెద్దన్న 1డి ఎక్స్‌కు ఇచ్చిన 61 బిందువుల ఏర్పాటునే ఇచ్చారు. చిన్న బాడీలో చోటు అప్పుడు హఠాత్తుగా పుట్టుకొచ్చిందా? చోటు ముందునుంచీ ఉన్నది. పక్క కంపెనీ 2008లోనే ఇచ్చి చూపింది. ఇవ్వనిది చోటు కాదు, వ్యాపారం. మంచి చూపు కావాలా, లావు కొనుక్కో అన్నది వ్యాపారపు ముడి. పెద్దాయన కళ్ళలోని నమ్మకానికి పునాది ఆ ముడిలో ఉన్నది.

పైగా లావైనది తప్పు చేయదనీ లేదు. 2007లోనే వచ్చిన 1డి మార్క్ 3లో పిల్ల అద్దపు యంత్రాంగంలో లోపం బయటపడి, కొన్ని పరిస్థితులలో ఫోకస్ తప్పుతున్నదని కంపెనీయే ఒప్పుకొని, ఉచితంగా సరిచేసి ఇవ్వవలసి వచ్చింది.

ఇక ఈనాటి మాట. అద్దమే పోయింది. ఫోకస్ కొలిచే పనిని చిత్రాన్ని పట్టే సెన్సరే చేసుకుంటున్నది. అడుగున గ్రాహకం అక్కరలేదు, పిల్ల అద్దం అక్కరలేదు, రెండు అద్దాలు కలవకపోవడం అన్న రోగమే లేదు. 2017లో సోనీ ఏ9 వచ్చినప్పుడు దాని బరువు బ్యాటరీతో కలిపి 673 గ్రాములు. దానికి 693 ఫోకస్ బిందువులు, అవి చట్రంలో 93 శాతం పరచుకొని ఉన్నాయి. వధువు పటంలో ఏ అంచున కూర్చున్నా కన్ను దొరుకుతుంది. 2021లో నికాన్ జడ్9: 493 బిందువులు, బ్యాటరీతో 1340 గ్రాములు, మన దేశంలో విడుదల ధర 4,75,995 రూపాయలు. 2023లో జడ్8: అదే 45.7 మెగాపిక్సెళ్ళ సెన్సరు, అదే ప్రాసెసరు, అవే 493 బిందువులు, 910 గ్రాములు, విడుదల ధర 3,43,995 రూపాయలు. తేడా 430 గ్రాములు, ఒక లక్షా ముప్పై రెండు వేలు. మావైపు చిన్న స్టూడియోవాడికి అది ఎన్ని పెండ్లిళ్ళ మిగులో వాడినే అడగండి.

ప్రతివాదులు చెప్పే మాటలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది బ్యాటరీ. నిజమే. జడ్9 బ్యాటరీ 10.8 వోల్టులు, జడ్8 బ్యాటరీ 7 వోల్టులు. ఒక్క ఛార్జికి చిన్నది తీసే చిత్రాలు పెద్దదానిలో సుమారు సగమే. కానీ జేబులో రెండు బ్యాటరీలు వేసుకోవడానికి లక్ష రూపాయలు కావు. విడిగా పిడీ దొరుకుతుంది.

రెండవది వేడి. ఇదీ నిజమే. లోహపు ఒళ్ళు పెద్దదైతే వేడి తొందరగా చెదిరిపోతుంది. 8కే వీడియోను పెద్దది 125 నిమిషాలు, చిన్నది 90 నిమిషాలు ఏకబిగిన తీస్తుందని తయారీదారు లెక్క. మన ఏ పెండ్లి వీడియోలో తొంభై నిమిషాల ఏకఖండం ఉన్నదో చూపండి, నేను వాదం విరమిస్తాను.

మూడవది తూకం. ఉప్పల్ స్టేడియంలో 400 మిల్లీమీటర్ల కటకం మోసేవాడికి వెనుక బరువు ఉంటేనే నిలకడ. పత్రికకు తీగ ద్వారా అప్పటికప్పుడు చిత్రం పంపడానికి పెద్దదానిలో ఉన్న వైరు రంధ్రం చిన్నదానిలో లేదు. బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు రోజంతా ఆకాశానికి గురిపెట్టేవాడూ పెద్దదే పట్టవచ్చు. వాళ్ళకు లావు పనిముట్టు. వాళ్ళతో నాకు పేచీ లేదు. ఫంక్షన్ హాలులో దంపతులకు ఆరడుగుల దూరాన నిలబడేవాడికి అది పనిముట్టు కాదు, కిరీటం.

నాలుగవది, చిన్న బాడీ వల్ల మొత్తం బరువు ఏమంత తగ్గుతుందని. ఇది గట్టి ప్రశ్న. 70–200 ఎఫ్ 2.8 కటకం ఒక్కటే 1440 గ్రాములు. దాని గాజు తగ్గదు, 200ను 2.8తో భాగిస్తే వచ్చే డెబ్బై ఒక్క మిల్లీమీటర్ల ద్వారాన్ని ఏ కంపెనీ కుదించలేదు. సరే, గాజు బరువు ధర్మబద్ధం. దానిమీద అధర్మపు బరువు ఎందుకు? జడ్9తో కలిపి 2780 గ్రాములు, జడ్8తో 2350. తెల్లవారుజాము ముహూర్తం నుంచి రాత్రి బారాత్ దాకా మెడలో వేలాడేవాడికి ఆ తేడా వెన్నెముకకు తెలుస్తుంది. ఆడపిల్లలు ఈ వృత్తిలోకి వస్తున్నారు, వధువు గదిలో వాళ్ళుంటేనే అందరికీ సౌకర్యం. 1892లోనే హైదరాబాదులో స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించిన దీన్‌దయాళ్ నగరం మనది. లావును అర్హతగా పెడితే వాకిట్లోనే ఆ పిల్లలను ఆపినట్టు.

ఇంతకూ కొనేవాళ్ళు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. దానిని ఏ కరపత్రమూ అడగదు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైన నాటి నుంచి మా మీది ఆకాశంలో రాకపోకలు పెరిగాయి. ఈనాటి కెమెరా ఆ విమానాన్ని విమానమని గుర్తుపడుతుంది. జడ్9 విడుదల నాడు గుర్తుపట్టగలవని చెప్పిన తొమ్మిది రకాలలో మనుషులు, కుక్కలు, పిల్లులు, పక్షులు, సైకిళ్ళు, మోటారుసైకిళ్ళు, కార్లు, రైళ్ళు, విమానాలు ఉన్నాయి. తలంబ్రాలు లేవు!

నవ్వకండి. మన పెండ్లిలో ఆటోఫోకస్‌కు అసలు పరీక్ష రెండు ఘట్టాలలో ఉన్నది. జీలకర్రా బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఫోకస్ గుడ్డ మీద ఉంటుంది. తెర దిగిన మరుక్షణం వాళ్ళ చూపులు కలుస్తాయి. ఆ క్షణం మళ్ళీ రాదు. అప్పుడు ఫోకస్ ముందున్న గుడ్డను వదిలి వెనుకనున్న ముఖానికి ఒక్క గంతున పోవాలి. కాసేపటికే తలంబ్రాలు. ముఖం ముందు పసుపు బియ్యం వానలా కురుస్తుంది. ఇప్పుడు ఫోకస్ ముందుకు గెంతితే బియ్యపు గింజలు స్ఫుటంగా, పెండ్లికూతురు మసకగా వస్తుంది. అంటే ఇక్కడ అది కదలకూడదు. మొదటి ఘట్టంలో ఉరకాలి, రెండవదానిలో ఉగ్గబట్టాలి. చురుకుతనం, నిలకడ ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం. ఒకటి పెంచితే రెండవది తగ్గుతుంది. నిజమైన బేరీజు ఇది; లావు, సన్నం కాదు.

ఈ గుణాన్ని మార్చే ఏర్పాటు చిన్న బాడీలలోనూ ఉన్నది. నికాన్‌లో అడ్డు వచ్చినప్పుడు ఫోకస్ ఎంత త్వరగా స్పందించాలో 1 నుంచి 5 దాకా నిర్ణయించుకోవచ్చు. కెనన్‌లో ఇదే పనికి ట్రాకింగ్ సెన్సిటివిటీ అన్న మీట ఉన్నది. అడ్డుతెరకు త్వరగా, తలంబ్రాలకు నిదానంగా పెట్టుకోవాలి. నేను పుస్తకం చదివి చెప్పేదాకా మా పిల్లలలో పెద్ద కెమెరాలున్నవాళ్ళకు కూడా ఈ సంగతి తెలియదు. లక్షలు పోసి లావు కొన్నవాడికి ఆ ఒక్క పుట తెలుగులో చెప్పిన దుకాణం లేదు. బాడీ పెద్దదైతే మీటలకు చోటెక్కువ, చీకట్లో వేలికి త్వరగా దొరుకుతాయి అన్నంత వరకు పెద్దదానికి ఒక మార్కు వేస్తాను. ఆ ఒక్క మార్కుకు లక్షా ముప్పై రెండు వేలు ఎక్కువ.

ఈ లావు మాయ వీడియోవాళ్ళ దగ్గర మరీ నగ్నంగా జరిగింది. 2007లో సోనీ హెచ్‌వీఆర్-హెచ్‌డీ1000 అని భుజాన పెట్టుకునే వీడియో కెమెరా ఒకటి తెచ్చింది. చూడడానికి దూరదర్శన్ వారిదే అన్నట్టుండేది. లోపల ఉన్నది 1/2.9 అంగుళాల చిన్న సెన్సరు ఒక్కటే, ఇంట్లో వాడుకునే హ్యాండీక్యామ్ తరగతిది. వేడుకలలో వీడియో తీసేవాళ్ళకు భుజం మీద ఠీవిగా కనిపించడమే దాని ప్రయోజనం. కొన్నవాళ్ళను నేను నిందించను. అటువంటి డొల్ల ఉంటే తప్ప బేరం కుదరని లోకాన్ని నిందిస్తాను.

కనుక నా కోరికలు ఇవి. ఫోటోగ్రాఫర్లకు: లావు అవసరమైన రోజున హైదరాబాదులో అద్దెకు తెచ్చుకోండి, అప్పు తెచ్చేటట్టయితే కటకానికి తెండి, పదేళ్ళు నిలుస్తుంది. కంపెనీలకు: మంచి చూపును పెద్ద ఒంటికి మళ్ళీ ముడిపెట్టకండి, పిడిని విడిగా అమ్మండి, మీ యంత్రానికి పక్షులను నేర్పిన శ్రద్ధతో ఎగిరే బియ్యాన్ని కూడా నేర్పండి. కెమెరాల గురించి రాసే బ్లాగ్మిత్రులకు: ఫోకస్ బిందువుల సంఖ్యాపారాయణం మాని, అడ్డుతెర ముందు, తలంబ్రాల నడుమ ఆ యంత్రం ఏం చేసిందో తెలుగులో రాయండి. నా వాదంలో లొసుగు కనిపించినవారు మొహమాటపడక చెప్పండి, జవాబిస్తాను.

పెండ్లివారికి మాత్రం ఒక్క మాట. ఈసారి మీ ముందుకు ఫోటోగ్రాఫరు వచ్చి కూర్చున్నప్పుడు కెమెరా ఎంతదని అడగకండి. ఆల్బం తెరిచి, "అడ్డుతెర దిగిన క్షణం ఏది, చూపించు బాబూ" అని అడగండి. అది ఉంటే బయానా చేతిలో పెట్టండి.

స్వస్తి.